సామానుతో ఇసుకలో తిరగాలంటే ఏ ఫ్యాట్ బైక్ కొనాలి?

నమస్తే అండి. టెంటు, స్టవ్వు, నీళ్లు అన్నీ సైకిల్ మీదే వేసుకుని ఇసుకలోనో రాళ్ల దారిలోనో రెండు రోజులు తిరిగి రావాలి. దానికి ఎలాంటి ఫ్యాట్ బైక్, అంటే బాగా లావు టైర్ల సైకిల్, కొనాలో చూద్దాం.

షాపుకెళ్లగానే అందరం టైరు నొక్కి చూస్తాం. నేనూ అంతే. నాలుగంగుళాల టైరు చూసి మురిసిపోయి తెచ్చేసుకున్నాను. ఇంట్లో ఉన్న పాత క్యారియర్ బిగించి, బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్‌కి బయల్దేరాను. దారంతా క్యారియర్ కడ్డీ టైరుకి రాసుకుంటూనే ఉంది. సాయంత్రానికి పక్కన రబ్బరు లేచిపోయి లోపలి దారాలు కనబడ్డాయి.

అందుకే టైరు సంగతి తర్వాత. ముందు వెనక చక్రం దగ్గర కూర్చోండి. ఇదిగో, ఇరుసుకి కాస్త పైన, మర ఉన్న ఈ చిన్న రంధ్రం కనిపిస్తోందా? క్యారియర్‌ని బోల్టుతో బిగించేది ఇక్కడే. రెండు వైపులా ఉండాలి, సీటు కింద కూడా ఉండాలి. లేకపోతే షాపువాళ్లు క్లాంపులతో బిగిస్తామంటారు. పది కిలోలు వేసి గతుకుల్లో తొక్కితే అవి జారతాయండి. క్యారియర్ కూడా ఫ్యాట్ బైక్ కోసం చేసిందే అడగండి. టైరు వెడల్పే పది సెంటీమీటర్లు, మామూలు క్యారియర్ కాళ్ల మధ్య ఆ చోటు ఉండదు.

ఇక ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే కడ్డీలు. స్ప్రింగుల సస్పెన్షన్ చూసి టెంప్ట్ అవ్వకండి. 2005లో సర్లీ కంపెనీ తెచ్చిన పగ్స్‌లీ అనే ఫ్యాట్ బైక్‌కి స్ప్రింగులే లేవు, టైరులో గాలే కుదుపుల్ని మింగేసేది. గట్టి ఫోర్కుకి అటూ ఇటూ బోల్టు రంధ్రాలుంటే చెరో లీటరు నీళ్ల బాటిల్ కట్టుకోవచ్చు. బరువు కిందకుంటే ఇసుకలో హ్యాండిల్ మాట వింటుంది.

పెడల్ దగ్గర చైన్ వీల్ పళ్లు లెక్కపెట్టండి. 42 ఉంటే సామానుతో ఘాట్ రోడ్డు ఎక్కడం కష్టం, దిగి తోయాల్సిందే. 28, 30 అయితే హాయి. వెనక గేర్లలో అన్నిటికంటే పెద్ద పళ్ల చక్రానికి అంతకంటే ఎక్కువ పళ్లుండాలి. ఎన్ని గేర్లన్నది అంత ముఖ్యం కాదు.

టైర్లలో గాలి ఒత్తిడి, మెత్తటి ఇసుకలో అయితే 6 నుంచి 8 పీఎస్ఐ (గాలి గేజ్ మీద చూపించే కొలత), రాళ్ల దారిలో 10 నుంచి 12. సామాను బరువుంటే ఇంకో రెండు కలపండి. రాళ్ల మీద మరీ తగ్గిస్తే రిమ్ము నేలకి కొట్టుకుని ట్యూబు పోతుంది. పెట్రోలు బంకులో కారుకి కొట్టినట్టు కొట్టించుకోకండి, తక్కువ అంకెలు తెలిసే గేజ్ ఒకటి కొనుక్కోండి.

ట్రయల్‌కి వెళ్లేటప్పుడు ఐదేసి లీటర్ల నీళ్ల డబ్బాలు రెండు తీసుకెళ్లి, వెనక కట్టి తొక్కండి. మడమ తగులుతోందా, మలుపులో వెనక ఊగుతోందా అక్కడే తెలిసిపోతుంది. షాపువాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి.