తెల్ల గీత, క్రాస్‌బో, అక్టోబరు అడవి

బామ్మర్ది: నమస్కారమండీ. అమెరికాలో మిషిగన్ నుంచి మళ్ళీ మేమిద్దరమే. విల్లు సీజన్లోకి క్రాస్‌బోని, అంటే తుపాకీలా ట్రిగ్గర్ నొక్కి బాణం వదిలే విల్లుని, రానివ్వొచ్చా, కూడదా అన్నది ఇవాళ తేలుస్తామని పోయినసారి మాటిచ్చాం. బావ మొహం అప్పుడే మారింది.

బావ: మారలేదు. గోంగూర ఎపిసోడ్‌లోలాగా నన్ను ముందే ముద్దాయిని చెయ్యకు.

బామ్మర్ది: సరే సరే. కొత్తగా వినేవాళ్ళకి ఒక్క ముక్క. ఇక్కడ జింకల వేట అక్టోబరు 1 నుంచి నవంబరు 14 దాకా బాణాలతోనే. 15న తుపాకులు దిగుతాయి, 30 దాకా ఉంటాయి. డిసెంబరు 1 నుంచి మళ్ళీ బాణాలు. మగ జింకలు ఒళ్ళు మరిచి ఆడవాటి వెంట పడే రోజులు అక్టోబరు చివర, నవంబరు మొదట్లో. అంటే తుపాకులు రాకముందే. ఆ రెండు వారాలు ఎవరికి దక్కాలన్నదే అసలు గొడవ. ఇండియా నుంచి వినేవాళ్ళూ, అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, ఈ వేట మాట అక్కడికి వర్తించదు. ఇక్కడ లైసెన్సు, జింకకొకటి చొప్పున ట్యాగ్ కొనుక్కుని లెక్కగా చేసే పని ఇది.

బావ: రాష్ట్రానికో తీరు. ఆర్కన్సా 1973లోనే తలుపు తీసింది. ఒహాయో కూడా పాతకాపే. పెన్సిల్వేనియా, మన మిషిగన్ 2009లో. మిన్నెసోటా అందరికీ తెరిచింది 2023లో. ఆరెగాన్‌లో వేటకి క్రాస్‌బో పనికిరాదన్నారు. ఇందులో నాకు నచ్చింది విస్కాన్సిన్.

బామ్మర్ది: నీకు నచ్చుతుందిలే.

బావ: ఎందుకు నచ్చకూడదు? 2014లో క్రాస్‌బోకి వేరే లైసెన్సు పెట్టారు. రోజులు దాదాపు విల్లువాళ్ళవే, లెక్క మాత్రం వేరు. దేంతో ఎన్ని జింకలు పడ్డాయో విడివిడిగా కనిపిస్తుంది. కొన్నేళ్ళకే క్రాస్‌బో లెక్క విల్లు లెక్కని దాటింది. ఇద్దరినీ ఒకే గంపలో వేసుంటే ఆ సంగతి తేల్చడమే కష్టమయ్యేది. రానిస్తే రానివ్వండి, వేరుగా లెక్కపెట్టండి. నేనడిగేది ఇదొక్కటే.

బామ్మర్ది: దాటింది నిజమే. కానీ ఎక్కువమంది చేతిలో ఉంది కాబట్టి ఎక్కువ పడుతున్నాయా, ఆయుధం వల్లే పడుతున్నాయా? అరవై దాటినవాళ్ళు, భుజం ఆపరేషన్ అయినవాళ్ళు, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఎంతమంది అడవికి వచ్చారో చూడు. ఊళ్ళ పక్కన జింకలు తోటలు మేసేస్తున్నాయి, రోడ్ల మీద కార్లకి గుద్దుకుంటున్నాయి. తుపాకీ పేల్చడానికి వీల్లేని చోట్లవి. అక్కడ బాణం పట్టేవాళ్ళు ఇంకా కావాలి.

బావ: ఊరి పక్కన పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. నా బాధ అడవిలో. విల్లు సీజను ఎందుకిచ్చారు? విస్కాన్సిన్‌లో 1934లో రెండు కౌంటీల్లో మొదలుపెట్టారు, మన దగ్గర 1937లో. అంత పొడుగు సీజను, అంత మంచి రోజులు విల్లువాళ్ళకి ఇవ్వగలిగారంటే అది కష్టమైన పని కాబట్టే. ఆ కష్టం బాణం ఎగిరాక కాదు, ఎగరకముందు. జింక 20 గజాల్లో నిలబడి నువ్వెక్కి కూర్చున్న చెట్టు వైపే చూస్తుంటుంది, నువ్వు అప్పుడు చెయ్యెత్తి నారి లాగాలి. ఆ ఒక్క కదలికకే సగం జింకలు పారిపోతాయి. క్రాస్‌బోలో నారి పొద్దున్నే లాగి పెట్టేశావు. వేలు ఒక్కటి కదిపితే చాలు.

బామ్మర్ది: ఒప్పుకుంటా. కానీ కాంపౌండ్ విల్లు సంగతో? హోలెస్ విల్బర్ ఆలెన్ 1966లో పేటెంటుకి పెట్టాడు, 1969లో వచ్చింది. కప్పీలు పెట్టిన విల్లు విల్లే కాదని అప్పుడూ అన్నారు. ఇవాళ నీది లాగడానికి 70 పౌండ్ల బలం పట్టే విల్లు, 80 శాతం లెట్-ఆఫ్. లాగాక చేతిలో నిలిచేది 14 పౌండ్లే. నిమిషం సేపు పట్టుకుని నిలబడొచ్చు.

బావ: నిలబడొచ్చు. కానీ ముందు లాగాలి కదరా!

బామ్మర్ది: అరవకు బావా, మైకు పగులుతుంది.

బావ: అరవట్లేదు. ఇంకోటి, 175 పౌండ్ల క్రాస్‌బో అనగానే 70 పౌండ్ల విల్లుకి రెండున్నర రెట్లు బలం అనుకుంటారు. కాదు. నారి నెట్టే దూరం క్రాస్‌బోలో 13, 14 అంగుళాలే. విల్లులో అంతకంటే బాగా ఎక్కువ. దూరం తక్కువ కాబట్టే అంత బరువు పెట్టారు. 400 గ్రెయిన్ల బోల్ట్, అంటే సుమారు 26 గ్రాముల క్రాస్‌బో బాణం, సెకనుకి 350 అడుగులు పోతే దాదాపు 109 అడుగు-పౌండ్ల శక్తి. అదే బరువు బాణం 280 అడుగులతో పోతే 70. తేడా ఉంది, రెండున్నర రెట్లు మాత్రం లేదు.

బామ్మర్ది: చూశారా, నా తరఫు వాదన ఆయనే చేస్తున్నాడు. పైగా బోల్టు చంపేది గుండు దెబ్బలాగా కాదు, బ్లేడు కోతతో. ఊపిరితిత్తుల్లోంచి పోవాలి, తర్వాత అరగంట కదలకుండా కూర్చోవాలి, అప్పుడు నెత్తురు జాడ పట్టుకుని వెళ్ళాలి. ఇదంతా విల్లు పద్ధతే కదా.

బావ: అరగంటన్నది దెబ్బ ఊపిరితిత్తులకి తగిలితేనే. నెత్తురు గులాబీరంగులో, నురగతో ఉండాలి. ముదురెరుపు కనిపించిందా, కాలేయం, నాలుగు గంటలు ఆగు. బోల్టు మీద ఆకుపచ్చ మరక, పేడవాసన ఉంటే 8 గంటలైనా ఆగాల్సిందే. ఆగకుండా వెంటపడితే అది ఇంకో మైలు పోయి పడుతుంది, నీకు దొరకదు.

బామ్మర్ది: అందుకే 40 గజాలు దాటొద్దు అంటాను. 20 గజాలకి సరిచేసిన స్కోపు నడిమి గీతతోనే 40 గజాల్లో కొడితే తొమ్మిది, పది అంగుళాలు కిందకి పడుతుంది. ఇంకోటి, చప్పుడు. 40 గజాలు పోవడానికి బోల్టుకి సెకనులో మూడోవంతు పడుతుంది. నారి చప్పుడు తొమ్మిదోవంతులోనే చేరిపోతుంది. తుళ్ళిపడిన జింక ఎగిరేముందు కిందకి కుంగుతుంది. నువ్వు గురి పెట్టిన చోట అది ఉండదు.

బావ: 40 గజాల్లో తప్పడానికి అది ఒక కారణమే. అసలుది తెల్ల గీత.

బామ్మర్ది: వచ్చేసింది! పదకొండో నిమిషంలో వచ్చేసింది.

బావ: రావాలి. ఎందుకంటే ఎవరూ గియ్యట్లేదు. వినండి. క్రాస్‌బో దించి ఉన్నప్పుడు, అంటే నారి లాగకముందు, బోల్టు జారే పట్టా ఉంటుందే, ఆ రెయిల్‌ని నారి దాటే చోట రెండు వైపులా, రెయిల్ అంచుకి ఆనించి, వెండిరంగు మార్కరుతోనో వైట్‌నర్‌తోనో చిన్న గీత. అంతే. ఎక్కుపెట్టాక రెండు గీతలూ రెయిల్‌కి సమాన దూరంలో ఉన్నాయా చూడు. ఒకటి రెయిల్ మీదకెక్కి, రెండోది బయటికి పోతే నారి పక్కకి జరిగింది. అర నూలు జరిగినా 40 గజాల దగ్గర బోల్టు కొన్ని అంగుళాలు పక్కకి పోతుంది. మనిషేమో స్కోపుని తిట్టుకుంటూ మరలు తిప్పుతాడు. మర్నాడు సరిగ్గా ఎక్కుపెడతాడు, అప్పుడు ఇటు తప్పుతుంది.

బామ్మర్ది: నారి లాగే తాడు వాడితే జరగదుగా.

బావ: తాడుతోనే జరుగుతుంది. ముందు చివరన ఉండే స్టిరప్ రింగులో పాదం పెట్టి, తాడుని భుజానికి ఆనే స్టాక్ వెనక గాడిలో వేసి, కొక్కేలు రెండూ నారికి తగిలిస్తావు. కొక్కేలు రెయిల్‌ని రెండు వైపులా ఆనుకోవాలి. ఒకటి వేలెడు దూరంగా ఉందంటే అయిపోయింది. ఆపైన కుడిచెయ్యి బలంగా లాగుతుంది, నారి కుడికి పోతుంది. చలికి మందం చేతితొడుగులుంటే అదీ తెలియదు. రెండు చేతులూ ఒకే వేగంతో, ఒకే ఊపులో, క్లిక్‌మనేదాకా. మధ్యలో ఆపి మళ్ళీ లాగొద్దు.

బామ్మర్ది: తాడు సగం బరువే తగ్గిస్తుంది కదా. 175 అంటే చేతుల మీద ఇంకా 87, 88 పడుతుంది. భుజం నొప్పివాడికి అదీ ఎక్కువే. వాళ్ళకి పిడి తిప్పి నారి లాగే క్రాంక్ ఉంది. తిప్పుకుంటూ పోతే సమానంగానే వస్తుంది, గీతలక్కర్లేదు.

బావ: అక్కర్లేదా? క్రాంక్ కొక్కెం నారి మధ్యలో కూర్చోకపోతే, తప్పుగా కూర్చున్నదాన్ని తప్పుగానే వెనక్కి తెస్తుంది. చాలా ఓపిగ్గా, చాలా సమానంగా, తప్పుగా. గీత చూడందే తెలియదు. ఇంకోటి, పాత రకం క్రాంకుల్లో పిడి వదిలేస్తే గిర్రున వెనక్కి తిరిగి మణికట్టు విరగ్గొడుతుంది. పూర్తిగా ఎక్కి, క్లిక్ విని, సేఫ్టీ పడిందని కళ్ళతో చూసేదాకా పిడి వదలకూడదు.

బామ్మర్ది: అది మాత్రం రాసిపెట్టుకోండి. మరి సాయంత్రం సంగతి? జింక రాలేదు, చీకటి పడింది, ఎక్కుపెట్టే ఉంది. దించే ఏర్పాటున్న క్రాంక్‌తో దించేస్తే సరిపోతుంది.

బావ: ఆ క్రాంక్‌తో దించొచ్చని తయారుచేసినవాడు పుస్తకంలో రాస్తేనే. రాయకపోతే వద్దు. తాడుతో దించుదామని ట్రిగ్గర్ నొక్కావా, 175 పౌండ్లు ఒక్కసారిగా చేతుల్లోంచి జారిపోతాయి. బోల్టు లేకుండా నారి విడిచినట్టే. లింబ్, అంటే విల్లులా వంగే బద్ద, చీలుతుంది, కప్పీ వంగుతుంది, నారి తెగి మొహం మీదకి రావచ్చు. దించడానికి మొద్దుమొన బోల్టు ఒకటి వేరే ఉంచుకుని మెత్తటి నేలలోకి కొట్టాలి.

బామ్మర్ది: డిసెంబరులో మిషిగన్లో మెత్తటి నేల ఎక్కడుంది బావా? గడ్డకట్టిన మట్టికి తగిలి కార్బన్ బోల్టు ముక్కలవుతుంది. ట్రక్కులో సంచీ టార్గెట్ పెట్టుకోమను.

బావ: ఆ, అది కరెక్టే. సంచీ నయం. దించకుండా బండి మాత్రం ఎక్కొద్దు. చాలాచోట్ల చట్టం ఒప్పుకోదు, చట్టం ఒప్పుకున్నా ఒళ్ళు ఒప్పుకోదు.

బామ్మర్ది: చెట్టెక్కేటప్పుడూ అంతే. కింద ఎక్కుపెట్టు, బోల్టు పెట్టకు. భుజాలకీ తొడలకీ పట్టే హార్నెస్ కట్టుకుని పైకెక్కి, కూర్చున్నాక తాడుతో లాక్కో, మొన నేలవైపుండేలా. బోల్టు ఆ తర్వాతే. రంగు వేరుగా ఉన్న ఈక కింద గాడిలోకి. నాక్, అంటే బోల్టు తోక, వెనక నారికి గట్టిగా ఆనాలి.

బావ: నాక్ రకం కూడా చూడాలి. అర్ధచంద్రం నాక్ కావాలన్న క్రాస్‌బోకి చదునుది పెట్టినా, అర్ధచంద్రం వంకరగా తిరిగినా, నారి బోల్టుని నెట్టకుండా దాని మీదనుంచో కిందనుంచో జారిపోతుంది. అదీ ఉత్త నారి విడిచినట్టే. బరువు కూడా అంతే. 400 గ్రెయిన్లకి తగ్గొద్దని రాస్తే తగ్గొద్దు. వేగం కోసం తేలిక బోల్టు వేసేవాడు తన లింబుల్ని తానే కోసుకుంటున్నట్టు.

బామ్మర్ది: బొటనవేలు చెప్పలేదు.

బావ: ...అది నవ్వుతూ చెప్పే విషయం కాదు.

బామ్మర్ది: నవ్వట్లేదు. చెప్పు.

బావ: ముందు చెయ్యి క్రాస్‌బోని కింద నుంచి పట్టుకుంటుంది. తుపాకీ అలవాటున్నవాళ్ళ బొటనవేలు తెలియకుండానే రెయిల్ పైకి వస్తుంది. నారి ఆ దారినే వెళ్తుంది. చర్మం గీరుకోవడం కాదు, వేలు చివర పోతుంది. కొత్త వాటిలో రెయిల్ కింద రెక్కలా అంచు పెడుతున్నారు. వేళ్ళు దాని కిందే ఉండాలి. పిల్లలకి నేర్పించేటప్పుడు ముందు ఇదే. గురి తర్వాత. ట్రిగ్గర్ తర్వాత. ఉత్త చేత్తో వందసార్లు పట్టించండి, ఎక్కుపెట్టకుండా.

బామ్మర్ది: ఊఁ.

బావ: అంతే.

బామ్మర్ది: ...అసలు విషయంలోకి వద్దాం. రానివ్వాలా, వద్దా? నేను రానివ్వాలనే అంటాను. మొదటి రోజు నుంచీ.

బావ: భుజం పనిచెయ్యనివాళ్ళకి, పెద్దవాళ్ళకి మొదటి రోజు నుంచీ. మిగతావాళ్ళకి ఆఖరి రెండు వారాలు.

బామ్మర్ది: ఆ ఆఖరి రెండు వారాలే కదా అందరికీ కావాల్సింది! అవి ఇచ్చేసి మొదటి నాలుగు వారాలు దాచుకుంటావా?

బావ: ...అవును, అది తిరగేసి చెప్పాను. మొదటి నాలుగు వారాలు అందరికీ, ఆఖరి రెండు విల్లుకి.

బామ్మర్ది: ఏ అడవి అధికారి వెళ్ళి ఆ రెండు వారాలూ ఒక్కో చెట్టెక్కి చూస్తాడు? ఎన్ని జింకలు పడాలన్నది ట్యాగుల లెక్క తేలుస్తుంది. చేతిలో ఏముందన్నది కాదు.

బావ: అందుకే వేరు లైసెన్సు అన్నాను. విస్కాన్సిన్ లాగా. లెక్క ముందు చేతికి రానీ, మొత్తుకోవడం తర్వాత.

బామ్మర్ది: దానికి నేనూ సరే. విల్లు వేట రికార్డులు రాసే పోప్ అండ్ యంగ్ క్లబ్బువాళ్ళు తమ రికార్డుల్లో క్రాస్‌బోని ఒప్పుకోరు, అది వాళ్ళ పుస్తకం, వాళ్ళ ఇష్టం. సీజను మాత్రం అందరి డబ్బుతో నడిచేది. బాణాల సామాను కొన్న ప్రతివాడి పన్నూ వన్యప్రాణి నిధికి వెళ్తుంది, క్రాస్‌బో కొన్నవాడిది కూడా.

బావ: పన్ను కట్టాడు కాబట్టి గీత కూడా గియ్యమను.

బామ్మర్ది: మళ్ళీ!

బావ: ఆ గీత చూసేటప్పుడే సర్వింగ్ కూడా కనిపిస్తుంది. నారి మధ్యలో చుట్టిన దారం. విడిపోతోందా, పోగులు లేస్తున్నాయా? మైనం నారికి రాయాలి, సర్వింగ్‌కి కాదు. రెయిల్‌కి దాని నూనె, ఒక్క చుక్క, వేలితో పల్చగా. ఎక్కువైతే ట్రిగ్గర్ పెట్టెలోకి కారి దుమ్ము పట్టి బిగుసుకుంటుంది. తర్వాత దూది ఉండ తీసుకుని లింబుల మీద ఈ చివర నుంచి ఆ చివరకి నిమురు. ఎక్కడైనా పోగు చిక్కుకుంటే అక్కడ చీలిక మొదలైంది. కంటికి కనిపించదు, దూదికి దొరుకుతుంది. దొరికితే ఇక ఎక్కుపెట్టకు, దుకాణానికే.

బామ్మర్ది: దూది ఇక్కడే ఉంది. ఇదిగో... ఇటువైపు శుభ్రం. ఇటు కూడా. బావా, దాక్కుని కూర్చునే గుడారం, అదే బ్లైండ్, దాని కిటికీ సంగతి మర్చిపోయాం. వదిలినప్పుడు లింబ్ కిటికీ అంచుకి తగిలితే?

బావ: తగిలితే బోల్టు ఎటు పోతుందో చెప్పలేం, లింబూ పోతుంది. వెడల్పు కొలిచి కూర్చోవాలి. దీనిది కొలిచావా?

బామ్మర్ది: ఎక్కుపెట్టి కొలిచాను.

బావ: అది ఇరుకుగా ఉన్నప్పటి కొలత. వదలగానే లింబులు బయటికి విచ్చుకుంటాయి. దించినప్పటి వెడల్పు కావాలి, దానికి రెండు పక్కలా నాలుగేసి వేళ్ళు కలుపుకో. టేపు ఇటివ్వు.

బామ్మర్ది: నువ్వు ఆ చివర పట్టుకో. కప్పీ బయటి అంచు నుంచి... కాదు, ఇంకొంచెం బయటికి.