ఆ డబ్బా మీద పేరు లేదు

అధ్యక్షులవారికీ, గ్రంథాలయ కార్యవర్గానికీ, సభలోని పెద్దలకూ నమస్కారం. నిజానికి వేదిక మీదున్న ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించాలి. నేను మాట్లాడబోయేదే పేర్ల గురించి కనుక అలా చేయకపోవడం తప్పే. కానీ నాకిచ్చిన అరగంటలో పది నిమిషాలు నా పరిచయానికే అయిపోయాయి. అందులో ఒక సవరణ చేసుకోనివ్వండి. ‘ఉత్తర ధ్రువం చూసి వచ్చిన మన ఊరి బిడ్డ’ అన్నారు అధ్యక్షులవారు. నేను ధ్రువం చూడలేదండి. కెనడాలో నేను వెళ్ళిన ఊళ్ళలో బాగా ఉత్తరాన ఉన్నది ఇగ్లూలిక్. అది 69 డిగ్రీల అక్షాంశం దాటాక వస్తుంది. ధ్రువం అక్కడి నుంచి ఇంకా రెండు వేల కిలోమీటర్ల పైమాటే. వెళ్ళింది సాహసయాత్రకూ కాదు. పాత టేపు రికార్డర్లు విప్పి బిగించడం వచ్చినవాళ్ళు తక్కువైపోయి, అక్కడి మంచు ప్రాంతపు మూలవాసులైన ఇనుయిట్ పెద్దల మాటలున్న టేపుల నకళ్ళు తీయడానికి నాలాంటివాణ్ణి పిలిచారు. అంతే.

ఇంకో మాట. వేదిక వెనక ఒక పచ్చ బీరువా ఉంది. ఇందాక పరిచయం జరుగుతున్నంతసేపూ నా చూపు దాని మీదే ఉంది. దాని సంగతి తర్వాత.

ఇగ్లూలిక్‌లో చలికాలం కొన్ని వారాల పాటు సూర్యుడు కనిపించడు. నవంబరు చివర మాయమై జనవరి మధ్యలో, అంటే మన సంక్రాంతి రోజుల్లోనే, తిరిగి వస్తాడు. మొదటిసారి కనిపించిన సూర్యుణ్ణి చూసి పిల్లలు ముఖంలో ఒక పక్కతోనే నవ్వాలట. రెండో పక్క బిగబట్టి ఉంచాలట. వెచ్చదనం వస్తోంది, చలి మాత్రం ఇంకా పోలేదు కనుక. ఆ రోజున ఇళ్ళలో కొవ్వుతో వెలిగే రాతి దీపాలన్నీ ఆర్పేసి, ఒకే కొత్త దీపం నుంచి మళ్ళీ వెలిగించుకునేవారు. ఇలాంటివి ఇవాళ మనకు తెలుస్తున్నాయంటే కారణం 1986లో ఆ ఊళ్ళో మొదలైన పని. ఆ ఊరి పెద్దలూ అక్కడి పరిశోధన కేంద్రం వాళ్ళూ కలిసి, గుడారాల్లో, మంచు ఇళ్ళలో పుట్టి పెరిగిన తరం మాటలను వాళ్ళ ఇనుక్టిటుట్ భాషలోనే క్యాసెట్లకు ఎక్కించారు. అయిదు వందలకు పైగా సంభాషణలు. వేట, నక్షత్రాలు, కుక్కల బళ్ళు, కాన్పులు, ఆకలి కాలాలు, అన్నీ ఉన్నాయి. అప్పటికి పట్టుమని రెండు వేల జనం లేని ఊరు చేసిన పని అది! మన జిల్లా కేంద్రాల్లో ఏ ఒక్కటైనా అంత చేసిందా?

సరే, టేపుల దగ్గరికి వస్తాను. అక్కడి చలి టేపుకు మేలే చేస్తుంది. గాలి పొడిగా ఉంటుంది, మన తీరంలోలా బూజు పట్టదు. ప్రమాదమంతా గుమ్మం దగ్గరే. మైనస్ ముప్ఫైలో వచ్చిన డబ్బాను వెచ్చని గదిలోకి తెచ్చి వెంటనే తెరిస్తే, కళ్ళద్దాల మీద పట్టినట్టే టేపు మీద చెమ్మ పడుతుంది. అందుకే మూసిన సంచిలోనే ఒక రోజు ఉంచి అప్పుడు తెరవాలి. 1970ల నాటి కొన్ని రకాల టేపుల్లో అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు ఏళ్ళ తరబడి చెమ్మ పీల్చి బంకబంకగా అయిపోతుంది. యంత్రం మీద పెడితే కీచుమని అరిచి ఆగిపోతుంది. వాటిని యాభై డిగ్రీల పైచిలుకు వేడిలో గంటల తరబడి ఆరబెడితే కొన్నాళ్ళు మాట వింటాయి. ఆ కొన్నాళ్ళలోనే నకలు తీసుకోవాలి. అంతకన్నా పాతవైన అసిటేటు టేపులు చెడిపోతుంటే వెనిగర్ వాసన వస్తుంది. పాతికేళ్ళకు పైగా ఈ పని చేశాను. టేపును బతికించడం కష్టమైన పనేమీ కాదు. ఇంట్లో పచ్చళ్ళ జాడీ చూసుకునే శ్రద్ధ చాలు.

ఇప్పుడొక కథ చెప్పాలి. ఇది నేను ఎక్కడ మాట్లాడినా చెబుతాను, నా భార్య లేచి మంచినీళ్ళకు వెళ్ళిపోతుంది. చూడండి, వెళ్తోంది.

1576లో మార్టిన్ ఫ్రోబిషర్ అనే ఇంగ్లీషు నావికుడు చైనాకు దగ్గరి దారి వెతుకుతూ కెనడా ఉత్తరాన ఉన్న బాఫిన్ దీవి దగ్గరికి వచ్చాడు. అతని నావికులు అయిదుగురు పడవలో ఒడ్డుకు వెళ్ళి మళ్ళీ తిరిగి రాలేదు. ఇనుయిట్లే పట్టుకున్నారని ఫ్రోబిషర్ రాయించాడు. 1577లో మూడు ఓడలతో వచ్చాడు, 1578లో పదిహేనింటితో. బంగారమనుకొని వెయ్యి టన్నులకు పైగా నల్లరాయి తవ్వి ఇంగ్లండుకు మోశాడు. అందులో బంగారం లేదు. ఇంగ్లీషువాళ్ళు ఆ అయిదుగురినీ ఆ దీవినీ మరిచిపోయారు. అది ఎక్కడుందో పటాల్లో కూడా తారుమారైపోయింది.

285 ఏళ్ళు గడిచాయి. 1861లో సిన్సినాటిలో చిన్న పత్రిక నడుపుకునే చార్లెస్ ఫ్రాన్సిస్ హాల్ అనే అమెరికన్ అక్కడికి చేరాడు. అతను వెతుకుతున్నది వేరే ఓడల కోసం. ఒక ముసలమ్మ అతనికి చెప్పింది: తెల్లవాళ్ళ ఓడలు వచ్చాయి, మొదట రెండు, తర్వాత రెండో మూడో, ఆ తర్వాత చాలా చాలా. అయిదుగురు ఇక్కడే ఉండిపోయారు. ఇక్కడే చలికాలం గడిపారు. ఒక దీవిలో గొయ్యి తవ్వి అందులో పడవ కట్టుకున్నారు. తొందరపడి మంచు కరగకముందే బయలుదేరి, చేతులు కాళ్ళు కొంకర్లు పోయి వెనక్కి వచ్చారు. మళ్ళీ వెళ్ళారు, ఇక కనిపించలేదు. హాల్ ఆ దీవికి వెళ్ళి చూస్తే గొయ్యి ఉంది, బొగ్గు ఉంది, ఇటుక ముక్కలు, పెంకులు ఉన్నాయి. ఆ దీవిని వాళ్ళు పిలిచే పేరుకు అర్థమే ‘తెల్లవాళ్ళ దీవి’. మొదటి ఏడు తీరం చేరింది ఒకే ఓడ, కాబట్టి అక్కడ లెక్క కొంచెం తేడా. మిగిలింది ఇంగ్లండు కాగితాలతో సరిపోయింది. ఒక్క రాత ముక్క లేకుండా, పది తరాల నోళ్ళ మీదుగా వచ్చిన లెక్క అది!

అయితే నేను ఈ కథ చెప్పేది ఆ జ్ఞాపకశక్తి గొప్పదనం కోసం కాదు. హాల్ ఆ ముసలమ్మ పేరు రాసుకున్నాడు. ఊకిజాక్సీ నినూ. రాసిన అక్షరాలు తప్పులతడకే కావచ్చు, కానీ రాశాడు. మాటలు అందించిన దుబాసీ పేరు కూడా రాశాడు, టుకులిటో. అంతకుముందు, 1577లో, ఫ్రోబిషర్ మనుషులు అక్కడి నుంచి ఒక పురుషుణ్ణీ ఒక స్త్రీనీ ఒక పసిబిడ్డనూ పట్టుకుపోయారు. ముగ్గురూ ఇంగ్లండులో కొద్ది వారాలకే చనిపోయారు. ఆ స్త్రీ పేరుగా చరిత్రలో మిగిలింది ఆర్నాక్, బిడ్డ పేరుగా నుతాక్. ఆ భాషలో ఆర్నాక్ అంటే స్త్రీ. నుతాక్ అన్నా ఇంచుమించు పసిబిడ్డ అనే. నాలుగున్నర శతాబ్దాలుగా వాళ్ళిద్దరినీ ‘ఆడమనిషి’, ‘బిడ్డ’ అని పిలుస్తున్నాం, అవే పేర్లనుకొని.

ఇక్కడ నేను రాసుకొచ్చిన కాగితంలో ఫ్రాంక్లిన్ అనే ఇంగ్లీషు నావికుడి ఓడల సంగతి ఉంది, హాల్ వెతుకుతూ వచ్చింది వాటికోసమే. 1845లో 129 మందితో వెళ్ళి మాయమైన రెండు ఓడలు 2014లో ఒకటి, 2016లో ఒకటి దొరకడం, ఇనుయిట్లు నూట యాభై ఏళ్ళుగా చెబుతున్నది చివరికి నిజమవడం. అది మీరు ఎక్కడైనా చదువుకోవచ్చు. ఆ కాగితాలు పక్కన పెడుతున్నాను. ఇంతవరకూ ఏ సభలోనూ చెప్పనిది ఒకటి ఉంది.

1980 జనవరి, లోక్‌సభ ఎన్నికల ఫలితాల రోజులు. నాకు ఇరవై మూడేళ్ళు. ఒక రేడియో కార్యాలయంలో తాత్కాలిక ఉద్యోగం. ఏ కార్యాలయమని అడగకండి. ఖాళీ టేపులు లేవు. పాతవి చెరిపి ఇమ్మన్నారు. ఇస్త్రీపెట్టెంత అయస్కాంతం ఉండేది, రీలు మీద గుండ్రంగా నాలుగుసార్లు తిప్పితే చాలు, పది సెకన్ల పని. ఏవి చెరపాలో నన్నే ఏరుకోమన్నారు. డబ్బాల మీద చీటీలు చూశాను. పేరున్న గాయకుడు, పక్కన పెట్టాను. మంత్రిగారి ఉపన్యాసం, పక్కన పెట్టాను. ‘వృద్ధురాలు, దంపుళ్ళ పాటలు, 18 ని.’ చెరిపాను. ‘పల్లెటూరి స్త్రీలు, ఊడ్పు పాటలు.’ చెరిపాను. ఆ రోజు పదకొండు రీళ్ళు. ఒక్కటీ విని చూడలేదు. పేరున్న టేపును చెరిపితే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారని భయం. పేరు లేనిదాని కోసం ఎవరు వస్తారు? నన్ను ఎవరూ తిట్టలేదు. పని చురుగ్గా చేశావన్నారు.

ఎన్నో ఏళ్ళ తర్వాత ఉత్తరాన ఒక చిన్న ఊళ్ళో, ఆ ఊరి పేరు చెప్పను, అట్టపెట్టె తెరిచి ఒక డబ్బా తీస్తే, దాని మీద ఇంగ్లీషులో ‘వృద్ధురాలు, మాట్లాడుతోంది, 40 నిమిషాలు’ అని కనిపించింది. అందుకే నేను కాసేపు కూలబడ్డాను. అదే చీటీ! అదే చేతిరాత అనిపించింది.

ఆ దేశంలో పేరు పోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, చెప్పాలి. ఇనుయిట్ పేర్లు ప్రభుత్వం వాళ్ళకు నోరు తిరగలేదు. ఇంటిపేర్లు ఉండేవి కావు. 1941 నుంచి మనిషికో బిళ్ళ ఇచ్చారు, మెడలో వేసుకోవడానికి. తూర్పువాళ్ళకు ‘ఈ’, పడమటివాళ్ళకు ‘డబ్ల్యూ’, దాని పక్కన అంకె. 1970 ప్రాంతంలో ఏబ్ ఓక్పిక్ అనే ఇనుయిట్ పెద్దమనిషి ఊరూరూ తిరిగి, ఇంటిపేర్లు ఏవి కావాలో అడిగి రాసుకున్నాకే ఆ బిళ్ళలు పోయాయి. అందుకే పాత టేపుల మీద పేరుకు బదులు ఒక్కోసారి అంకె ఉంటుంది. పేరే లేని దానికంటే అది నయం, వెతికితే మనిషి దొరుకుతుంది. నా డబ్బా మీద అంకె కూడా లేదు.

నకలు తీశాక దాన్ని ఆ ఊరి హాల్లో వినిపించాం. టీ, రొట్టె, వెనక పిల్లల గోల. మొదటి రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆ గొంతు దగ్గింది. ముందు వరసలో ముగ్గురు ముసలమ్మలు ఒక్కసారే పేరు చెప్పారు. దగ్గు విని! ఆమె మాట్లాడుతున్నది సీలు చర్మపు బూట్ల అడుగును నమిలి మెత్తబరచడం గురించి. కొరకాల్సిన చోటు, కొరక్కూడని చోటు. కుర్రవాళ్ళకు సగం మాటలు తెలియలేదు, ముసలమ్మలు ఆపించి ఆపించి చెప్పారు. యంత్రం నడిపింది నేను. ఆ టేపును తెరిచింది వాళ్ళు.

తర్వాత వాళ్ళు వెనక నిలబడ్డ ఒక ముప్ఫై ఏళ్ళ అమ్మాయిని చెయ్యి పట్టుకొని ముందుకు తెచ్చారు. చనిపోయినవాళ్ళ పేరు పుట్టిన బిడ్డకు పెడతారక్కడ. పేరుతో పాటు వరసలు కూడా వస్తాయి. తల్లి తన కూతుర్నే ‘అమ్మా’ అనవచ్చు. మనకేం కొత్త కాదు, మామగారి పేరు కొడుక్కు పెట్టుకున్న కోడలు ఆ పిల్లవాణ్ణి పేరు పెట్టి పిలవలేక పడే అవస్థ మన ఇళ్ళలో చూసిందే. ఈ అమ్మాయిది ఆ టేపులో ఉన్నామె పేరు. ఆమె పోయాక పుట్టింది. ఒక ముసలమ్మ ఈమెను కుర్చీలో కూర్చోబెట్టి అన్న మాట నాకు పక్కనున్నవాళ్ళు చెప్పారు: ‘నువ్వే మాట్లాడుతున్నావు, విను.’

ఆ పేరేమిటని మీరు అడుగుతారు. ఇంతసేపు పేర్ల కోసం గొంతు చించుకున్నవాణ్ణి, చెప్పాలి కదా. చెప్పను. డబ్బా మీద రాశాం, ఆ ఊళ్ళో ఉంది. ఊరి బయట చెప్పడానికి వాళ్ళు నాకు అనుమతి ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఇది చిన్న విషయం కాదు. కెనడాలో మూలవాసుల పిల్లల్ని ఇళ్ళ నుంచి తీసుకెళ్ళి చేర్చిన ఆశ్రమ పాఠశాలల్లో హింసకు గురైనవాళ్ళు 38 వేల మందికి పైగా పరిహారం కోసం వాంగ్మూలాలిచ్చారు. చరిత్ర కోసం వాటిని ఉంచాలా, రహస్యమని మాట ఇచ్చాం కనుక నాశనం చేయాలా అన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఎవరి మాట వాళ్ళదే, ఉంచమని వాళ్ళు కోరితే తప్ప 2027లో నాశనం చేయాల్సిందేనని 2017లో తీర్పు వచ్చింది. నావంటి టేపుల మనిషికి ప్రాణం విలవిల్లాడే తీర్పు. అయినా అది సరైన తీర్పే అంటాను. చెరిపే హక్కు చెప్పినవాళ్ళది. 1980లో అయస్కాంతం పట్టుకున్న కుర్రవాడిది కాదు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ముగిస్తాను. ఆ పచ్చ బీరువాలో పైఅరలో క్యాసెట్లున్నాయని ఇందాక మీ గ్రంథపాలకురాలే చెప్పారు. పాత వార్షికోత్సవాలవట, బుర్రకథలవట, ఎవరో ఒకావిడ పాడిన పాటలు కూడా ఉన్నాయట. ఎవరో తెలియదట. సభలో డెబ్భై దాటినవారు చాలామందే కనిపిస్తున్నారు. నా దగ్గర క్యాసెట్లు ఆడే యంత్రం ఉంది, కారులో ఉంది. భోజనాలకు ఇంకా గంట పడుతుందన్నారు. బీరువా తాళం చెవి ఎవరి దగ్గర ఉంది?