వారానికి 168 గంటలు: తీరిక ఎక్కడ జారిపోతోంది?

అందరికీ నమస్కారం.

ముందు ఒక లెక్క వేద్దాం. వారానికి 168 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున నిద్ర తీసేస్తే 112. ఉద్యోగానికి 48, రానుపోను ప్రయాణానికి 10 అనుకుందాం. మిగిలినవి 54. వంట, ఇంటిపని, స్నానం, భోజనం, పిల్లల పనులు, పెద్దవాళ్ల అవసరాలు, వీటన్నిటికీ 35 గంటలు పోయినా ఇంకా 19 ఉండాలి. అంటే రోజుకు రెండున్నర గంటల పైమాటే. మరి "నిన్న మీకోసం మీరు ఏం చేశారు?" అని అడిగితే చాలామంది తడుముకుంటారు.

కాగితం మీద కనిపించే ఆ గంటలు అనుభవంలోకి ఎందుకు రావు? మొదటి కారణం, అవి ముక్కలైపోయి ఉంటాయి. ఇక్కడ పది నిమిషాలు, అక్కడ పావుగంట. రెండోది, ఆ ముక్కల్లో కూడా పని మన బుర్రలోంచి దిగదు. నేను చెప్పబోయేదంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది. పొద్దున్నే నాలుగింటికి లేవండి, నిద్ర తగ్గించుకోండి లాంటి సలహాలు నా దగ్గర లేవు. నిద్రలోంచి కోసి తెచ్చుకున్న గంటను మర్నాడు చిరాకు రూపంలో తిరిగి కట్టాల్సి వస్తుంది.

మొదటి పని, ఒక వారం రాసిపెట్టుకోవడం. ఒక కాగితం మీద ఏడు నిలువు గడులు గీయండి. మెలకువగా ఉండే 16 గంటలకు అరగంటకొకటి చొప్పున 32 అడ్డగడులు. ప్రతి గడిలో రెండే రెండు విషయాలు: ఏం చేశారు, ఎలా అనిపించింది. రెండోదానికి ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేస్తే చాలు. మధ్యాహ్నం భోజనమప్పుడు, సాయంత్రం, పడుకునేముందు, ఇలా మూడుసార్లు నింపండి. అంతా రాత్రికే నింపుదామనుకుంటే పెద్ద పనులే గుర్తుంటాయి, చిన్నచిన్న ముక్కలు జారిపోతాయి. మనం వెతుకుతున్నది ఆ ముక్కలనే కదా.

ఈ పద్ధతి చెడేది సాధారణంగా మూడు చోట్ల. రాస్తున్న వారంలోనే బుద్ధిమంతులుగా మారిపోవడం ఒకటి. అలవాట్లు మార్చకుండా ఉన్నదున్నట్టు రాయాలి. "ఈ వారం మామూలుగా లేదు, వచ్చేవారం రాస్తాను" అనుకోవడం రెండోది. మామూలు వారం ఎవరికీ రాదు. మూడోది, ఫోన్ చూసిన సమయాన్ని "విశ్రాంతి" అని రాసేయడం. "ఫోన్" అనే రాయండి, పక్కన అంకె నిజాయితీగా వేయండి. నాలుగో ఐదో వస్తే దాని జోలికి వెళ్లనక్కర్లేదు. ఒకటో రెండో వచ్చి, రోజుకు గంటన్నర తింటోందంటే, మీకు కావలసిన సమయం అక్కడే ఉంది.

ఇంటి బాధ్యతలు మోసేవారి కాగితంలో, ముఖ్యంగా ఆడవాళ్ల కాగితంలో, ఇంకొకటి బయటపడుతుంది. టీవీ ముందు కూర్చునే ఉంటారు. ఒక చెవి మాత్రం పొయ్యి మీద, ఇంకో చెవి పిల్లల గదివైపు. అలాంటి గడుల్లో "కాపలా" అని రాయండి. కాపలా సమయం తీరిక లెక్కలోకి రాదు. ఇంట్లోవాళ్లకు "నాకు ఖాళీ లేదు" అని చెబితే వాదన మొదలవుతుంది, గడులు నింపిన కాగితం చూపిస్తే మాట ముందుకు సాగుతుంది. "మంగళవారం సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా పిల్లలు, పొయ్యి, తలుపు గంట మూడూ నీవి" అని పేరుపెట్టి అప్పగించాలి. "కాస్త సాయం చెయ్యి" అంటే ఏం చెయ్యాలో చెప్పే బాధ్యత మళ్లీ మీ నెత్తినే పడుతుంది.

ఇక రెండో కారణానికి వస్తాను. నన్నడిగితే అసలు కీలకం ఇదే. ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి మారినప్పుడు దృష్టిలో కొంత భాగం పాతపని మీదే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో చూపించారు. ఆమె చూసింది ఒక పనినుంచి ఇంకో పనికి మారడాన్నే అయినా, సాయంత్రం పుస్తకం తెరిచి ఒకే పేజీని మూడోసారి చదువుతున్నప్పుడు జరిగేదీ అలాంటిదే. దీనికి విరుగుడు తేలికైనది: పని పూర్తి చెయ్యక్కర్లేదు, ఎప్పుడు ఎలా చేస్తారో రాసిపెడితే చాలు. పూర్తికాని పనికి స్పష్టమైన ప్రణాళిక వేసుకుంటే, దాని గురించిన ఆలోచనలు మధ్యలో వచ్చి అడ్డుపడటం తగ్గుతుందని మాసికాంపో, బౌమీస్టర్ అనే పరిశోధకులు 2011లో చూపించారు.

కాబట్టి పని ముగించే ముందు పది నిమిషాలు దీనికే ఉంచండి. మిగిలిపోయిన పనులు ఒక చీటీ మీద రాయండి. ఒక్కోదాని పక్కన మొట్టమొదట చెయ్యాల్సిన చిన్న అడుగు, అది ఎప్పుడన్నదీ రాయండి. "రిపోర్టు పూర్తి చెయ్యాలి" అని రాస్తే ఉపయోగం లేదు. "రేపు పదింటికి రెండో పట్టికలో అంకెలు సరిచూడాలి" అని రాయాలి. తర్వాత చీటీ మూసేసి, కంప్యూటర్ ఆపేసి, ఫోన్లో ఆఫీసు యాప్‌ల నోటిఫికేషన్లు ఆపండి. ఈ పది నిమిషాల్లో మెయిల్ తెరిచారా, కొత్తపని నెత్తికెక్కుతుంది. ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే. అత్యవసరమైతే ఫోన్ చెయ్యమని ఒకరిద్దరికి ముందే చెప్పి ఉంచండి. అప్పుడు "ఏమైనా వచ్చిందేమో" అని గంటకోసారి తొంగిచూడాల్సిన పని ఉండదు. ఇంటినుంచే పనిచేసేవారికి ప్రయాణం లేదు కనుక ఈ ముగింపు మరీ అవసరం. బట్టలు మార్చుకోవడం, వీధిలో ఒక చుట్టు నడిచి రావడం ఆ లోటు కొంత తీరుస్తాయి.

సమయం దొరికాక ఏం చెయ్యాలి? పని అలసటనుంచి తేరుకోవడానికి తోడ్పడే అనుభవాలను సబీన్ సోనెన్‌టాగ్, షార్లట్ ఫ్రిట్జ్ 2007లో నాలుగుగా గుర్తించారు: పనినుంచి మనసు విడివడటం, ఒళ్లూ మనసూ సేదతీరడం, కొత్తగా ఏదైనా నేర్చుకుని పట్టు సాధించడం, ఏం చెయ్యాలో మనమే నిర్ణయించుకోవడం. వీటిలో మూడోదాన్ని మనం తేలిగ్గా వదిలేస్తాం, "అలసిపోయాను, ఇప్పుడు నేర్చుకోవడమా" అని. రోజంతా కుర్చీలో కూర్చుని తల వేడెక్కినవాళ్లకు ఇంకోచోట కూర్చోవడంకన్నా చేతులకో కాళ్లకో పనిపెట్టేది బాగా పనిచేస్తుంది: వాయిద్యం, తోటపని, ఈత, చెక్కపని. ఒళ్లు అలిసే పని చేసేవాళ్లకు పాటలు వినడం, చదరంగం, కబుర్లు నయం. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, అందులో డబ్బు సంపాదించాలని, నలుగురికీ చూపించాలని మొదలుపెట్టగానే అది ఇంకో ఉద్యోగమైపోతుంది.

ఇక టైంటేబుల్ సంగతి. సరదా పనులకు గంటా నిమిషం బిగిస్తే అవీ పనుల్లాగే అనిపిస్తాయని, ఆనందం తగ్గుతుందని టోనియెటో, మల్కాక్ 2016లో చూపించారు. కానీ "భోజనాల తర్వాత", "సాయంత్రం పూట" అని వదులుగా అనుకుంటే ఆ నష్టం దాదాపు రాదు. అందుకే నా సలహా: రోజు గట్టిగా, గంట వదులుగా. ఎవరికైనా పిల్లల్ని అప్పగించాల్సి వస్తే మాత్రం గంట చెప్పక తప్పదు, ఆ ఒప్పందం మీద రాజీపడకండి. దొరికిన గంటన్నరలో మూడు సరదాలు కుక్కకండి. కావలసిన సామాను ముందురోజే బయటపెట్టి ఉంచండి. తీగలు సరిచేసిన గిటారు గోడకు ఆనించి ఉంటే మొదలుపెడతారు, అటకమీద ఉంటే మొదలుపెట్టరు.

ఎంత కావాలి? శరీఫ్, మోగిల్నర్, హర్ష్‌ఫీల్డ్ 2021లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, రోజుకు సుమారు రెండు గంటల దాకా ఖాళీ సమయంతోపాటు సంతృప్తి పెరుగుతుంది, ఐదు దాటితే తగ్గడం మొదలవుతుంది. రెండు గంటలని విని బెంబేలెత్తకండి. వారానికి ఒక గంటన్నర, రెండు అరగంటలతో మొదలుపెట్టండి. ఒకటి తప్పిపోతే ఆ వారంలోనే ఇంకోరోజుకు జరపండి. వచ్చేవారానికి జమచేస్తే అది అప్పులా పేరుకుపోయి మొత్తం వదిలేస్తారు.

ఇదంతా ఒక హద్దులోపలే పనిచేస్తుంది. వారానికి 55 గంటలు, అంతకుమించి పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు చేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి ప్రకటించాయి. అన్ని గంటలు పనిచేసేవారికి చీటీలు, గడులు సరిపోవు. పని తగ్గాలి, లేదా దాన్ని పంచుకునే మనుషులు పెరగాలి. ఆ మాట పైవాళ్లతో మాట్లాడటానికి సిగ్గుపడనక్కర్లేదు. రోజుకు 8, వారానికి 48 గంటలన్న పరిమితిని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లోనే తన మొదటి ఒప్పందంలో పెట్టింది. 1948 నాటి విశ్వ మానవహక్కుల ప్రకటన 24వ అధికరణం విశ్రాంతిని, తీరికను హక్కులుగానే చెబుతుంది.

చివరిగా షిఫ్టుల్లో పనిచేసేవారికి. మీకు "సాయంత్రం" అనే మాట పనికిరాదు. కాగితం మీద గడులను నిద్రలేచిన సమయంనుంచి మొదలుపెట్టండి. మీ తీరికను "లేచాక రెండో గంట" అనో, "డ్యూటీకి మూడు గంటల ముందు" అనో పెట్టుకోండి. రాత్రి డ్యూటీలు ముగిసిన మొదటిరోజు మాత్రం దేన్నీ పెట్టుకోకండి, ఆరోజు నిద్రకే వదిలేయండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.