గోల్కొండలో చప్పట్లు, హిమాయత్‌నగర్‌లో పంచాయితీ

[తెర మీద: టేబుల్, క్యారెక్టర్ షీట్లు, 20 ముఖాల డైస్, మీగడ కట్టిన ఇరానీ చాయ్]

నమస్తే! ఈ చాయ్ చల్లారిపోవడానికి కారణం ఔరంగజేబు. ఎలాగో చెప్తా.

శనివారం రాత్రి, హిమాయత్‌నగర్‌లో మా ఫ్రెండ్ ఫ్లాట్. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ నడుస్తోంది. కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు: ఒకరు గేమ్ మాస్టర్, కథాలోకాన్ని నడిపిస్తారు. మిగతావాళ్లకు తలా ఒక పాత్ర. ఏం చేస్తామో నోటితో చెప్తాం, ఏమవుతుందో తేలని చోట డైస్ వేస్తాం. ఆ రోజు కథ 1687 నాటి గోల్కొండ ముట్టడి. మేం మొగలుల తరఫున కోటలోకి దూరిన వేగులం.

మాలో ఒకడన్నాడు: "నేను వాకిట్లో గుమ్మటం కింద చప్పట్లు కొడతా. పైన బాలాహిస్సార్‌లో కాపలావాళ్లు విని దిగుతారు. ఈలోపు మీరు వెనక నుంచి ఎక్కేయండి."

కోట చూసినవాళ్లకు ఇది తెలిసిందే. అక్కడ కొట్టిన చప్పట్లు దాదాపు కిలోమీటరు దూరాన, కొండ మీద వినపడతాయి.

గేమ్ మాస్టర్ అన్నాడు, "సరే, డైస్ వెయ్."

"ఎందుకు వెయ్యాలన్నా? వినపడేట్టే కట్టారు దాన్ని!"

అంతే. మా ఆడిటర్ ఫ్రెండ్ రూల్‌బుక్ తెరిచాడు, "వినడానికి పర్సెప్షన్ రూల్ ఉంది." స్కూల్లో పాఠాలు చెప్పే మా అక్క ఒకావిడ మాత్రం, "వినపడిందనే అనుకుందాం. కానీ పైన ఉన్నది మనకు తలుపు తీస్తానని మాటిచ్చిన మనిషే అయితే?" అంది.

[తెర మీద: ముగ్గురి బొమ్మలు, మధ్యలో ప్రశ్న గుర్తు]

ఆ చప్పట్ల శబ్దం ముగ్గురికీ మూడు రకాలుగా వినపడిందన్నమాట.

మొదటివాడికి కావాల్సింది ఆ లోకంలో నిజంగా ఏం జరుగుతుందన్నది. తెలివి వాడితే డైస్‌తో పని పడకూడదంటాడు. ఇది పాత పద్ధతే. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లేయింగ్ గేమ్ మూడు చిన్న పుస్తకాలు. అందులో రాయని సంగతులు బోలెడు. రాయని చోట గేమ్ మాస్టర్ మాటే రూలు. మరి ఆ గేమ్ మాస్టర్ గోల్కొండ ఎప్పుడూ ఎక్కనివాడైతే? (మావాడు ఎక్కలేదు. హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగాడు, అందుకే ఎక్కలేదు.)

ఆడిటర్‌ను మొండివాడనకండి. వాడి బాధ వేరు: "పోయినవారం నాతో డైస్ వేయించావు, ఇవాళ వీడికెందుకు మాఫీ?" డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కు 2014లో వచ్చిన అయిదో ఎడిషన్‌లో అడ్వాంటేజ్ అని ఒక రూలుంది. అనుకూలమైన పరిస్థితి ఉంటే 20 ముఖాల డైస్ రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకోవచ్చు. 11 లేదా ఆపైన పడాలంటే 50 శాతం ఉన్న అవకాశం 75 శాతం అవుతుంది. "కట్టడం గొప్పదేగా? అడ్వాంటేజ్ ఇవ్వు. డైస్ మాత్రం వెయ్యాల్సిందే." కానీ అదే పుస్తకం, ఫలితం తేలని చోటే డైస్ అడగమంటుంది. ఆ పేజీ మాత్రం వాడు తెరవలేదు.

ఇక మా అక్క. ఆవిడకు గెలుపు ముఖ్యం కాదు, చిక్కుముడి పడాలి. ఆవిడకు నచ్చే పద్ధతి 2010లో విన్సెంట్ బేకర్ రాసిన అపోకలిప్స్ వరల్డ్ అనే గేమ్‌ది. మామూలు డైస్ రెండు వేసి కూడతారు. 10 దాటినా, 10 పడినా అనుకున్నది జరుగుతుంది. 7 నుంచి 9 అయితే జరుగుతుంది, కానీ ఏదో ఒకటి చెల్లించుకోవాలి. 6 లేదా ఆలోపు పడితే కథ గేమ్ మాస్టర్ చేతికి పోతుంది. మీ పాత్రకు ప్లస్ వన్ ఉంటే, అంటే పడినదానికి ఒకటి కలుపుకునే వీలుంటే, 36కి 16 సార్లు ఆ మధ్య ఫలితమే. అంటే తంటా యాదృచ్ఛికం కాదు, లెక్కలోనే పెట్టారు. అసలు చరిత్రా ఆవిడ వైపే ఉంది. ఎనిమిది నెలలు నిలిచిన గోల్కొండ, చివరికి లోపలి మనిషి తలుపు తీస్తే పడింది.

2000ల మొదట్లో రాన్ ఎడ్వర్డ్స్ ఇలాంటి ఇష్టాలను గేమిజం (ఆటలో సవాలు, గెలుపు), నేరేటివిజం (కథ), సిమ్యులేషనిజం (లోకం నిజంలా నడవడం) అని మూడుగా విడగొట్టాడు. పేర్లు పనికొస్తాయి గానీ, వాటిని మనుషుల నుదుటి మీద అంటించడం నాకు నచ్చదు. మా ఆడిటర్ సంగతే చూడండి. పోయిన నెల వాడి పాత్ర చావుబతుకుల్లో ఉంటే, "అన్నా, వీడు బతికితే కథ బాగుంటది" అన్నది వాడే!

కొన్ని ఇళ్లలో అష్టాచెమ్మా ఆడితే, ఒక్క కాయనైనా చంపితే గానీ లోపలి గళ్లలోకి పోనివ్వరు. గవ్వలు చేతికి తీసుకునే ముందే అది అడుగుతాం. ఇక్కడ మాత్రం "ఎలా ఆడదాం?" అంటే అందరూ "సరదాగా" అంటారు. ఆ జవాబుతో ఏ పనీ జరగదు. ఇలా అడగండి: పాత్ర చావు డైస్ చేతిలోనా? సంచి బరువు లెక్కపెడతామా? ఆట బయట మనకు తెలిసిన విషయం వాడితే డైస్ వేసే పని తప్పుతుందా? నా వరకు చావు డైస్ మీదే తేలాలి, అదీ అందరి ముందూ. సంచి బరువు ఎవరు లెక్కపెట్టినా నాకు నిద్రొస్తుంది.

ఆ రాత్రి ఏం చేశామంటే, చప్పట్లకు డైస్ వద్దన్నాం. ఎవరు దిగుతారన్నదానికి మాత్రం రెండు డైస్, అక్క పద్ధతిలో. 8 పడింది.

[తెర మీద: చీకట్లో కోట మెట్లు, ఒక లాంతరు]

దిగుతున్నది ఒక్కడే, చేతిలో తాళాల గుత్తి. మాకు మాటిచ్చిన మనిషే. గదంతా నిశ్శబ్దం. మెట్లు 360 అని అక్కడి గైడ్లు చెప్తుంటారు. మా ఆడిటర్ ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచి, "చీకట్లో మెట్టుకు ఎన్ని సెకన్లు వేద్దామన్నా?" అన్నాడు.