నాలుగేళ్ల కర్రకు ఎకరం లెక్క

[దృశ్యం: తోట గట్టున ఆగిన లారీ. బెరడు ఒలిచిన జామాయిల్ కర్రలను కూలీలు భుజాల మీద మోసుకొచ్చి ఎక్కిస్తున్నారు.]

వ్యాఖ్యానం: కొట్టిన కర్రలో తేమ ఆరి బరువు తగ్గుతూ ఉంటుంది గనుక, ఈ లారీ కాగితపు మిల్లు గేటు దగ్గర రెండు మూడు రోజులు నిలిచిపోతే ఆ తరుగు రైతుకే నష్టం. త్వరగా పెరిగే చెట్ల ఆదాయం గురించి మాట్లాడేవారు ఎకరానికి ఎన్ని టన్నులో ఉత్సాహంగా చెబుతారు గానీ, ఆ టన్ను ధర పొలం గట్టు మీదిదా, మిల్లు కాటా దగ్గరిదా అన్నది చెప్పరు.

కాగితపు మిల్లులు కలప కోసం అడవుల మీద ఆధారపడకుండా, వీలైనంతవరకు రైతులతో నేరుగా సంబంధం పెట్టుకోవాలని 1988 నాటి జాతీయ అటవీ విధానం చెప్పింది. భద్రాచలం దగ్గరి సారపాక, రాజమహేంద్రవరం మిల్లులకు నేడు కర్ర అందిస్తున్నవి ప్రధానంగా రైతుల జామాయిల్, సుబాబుల్, సరుగుడు తోటలే. 1990ల నుంచి భద్రాచలం క్లోన్ మొక్కలు, అంటే మేలైన చెట్టు కొమ్మల నుంచి దాని నకళ్లుగా పెంచిన జామాయిల్ మొక్కలు, వచ్చాక తోట మొత్తం ఒకే ఎత్తున, ఒకే లావున ఎదగడం మొదలైంది.

[దృశ్యం: నల్లబల్ల మీద లెక్క.]

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. నాలుగేళ్లకు ఎకరాకు 40 టన్నులు, మిల్లు దగ్గర టన్ను 5,000 రూపాయలు అయితే మొత్తం 2 లక్షలు. కొట్టుడు, బెరడు ఒలుపు, లోడింగు, లారీ కిరాయి కలిపి టన్నుకు 1,500 చొప్పున 60,000 పోతుంది. మొదట్లో దుక్కికి, మొక్కలకు పెట్టిన 30,000 తీసేస్తే మిగిలేది 1,10,000, అంటే ఏడాదికి 27,500. అదే భూమికి ఏటా 20,000 కౌలు వచ్చేదైతే, చెట్టు వల్ల అదనంగా వచ్చింది 7,500 మాత్రమే. ఇక టన్ను ధర 1,000 పడిపోయిందంటే ఏడాది మిగులు 17,500కు దిగుతుంది. కౌలుకిచ్చి ఊరుకున్నా అంతకన్నా ఎక్కువే వచ్చేది. పెట్టుబడి మీద వడ్డీని ఇంకా కలపనేలేదు.

అయితే ధర పడిపోయినప్పుడు మిర్చి రైతు సరుకును శీతల గిడ్డంగిలో పెట్టి అద్దె కడుతుంటే, జామాయిల్ రైతు చెట్టును పొలంలోనే ఉంచి మరో ఏడాది పెరగనివ్వగలడు. నా దృష్టిలో ఈ పంట అసలు విలువ ఆ ఆగగలగడంలోనే ఉంది. గడువు ముగియగానే భూమి అప్పగించాల్సిన కౌలు రైతుకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. వ్యాపారి చెప్పిన ధరకే అతడు తోట కొట్టించాలి.

కోస్తా ఇసుక నేలల్లోని సరుగుడు లెక్క కొంత వేరు. నిటారుగా సాగిన కర్రలు పందిళ్లకు, సెంట్రింగుకు ముక్క లెక్కన అమ్ముడవుతాయి. వంకర కర్రలే తూకానికి వెళతాయి. అందుకే తోటను మొత్తంగా గుత్తకు ఇచ్చే ముందు రైతు వరుసల మధ్య ఒకసారి నడిచి, పనికొచ్చే కర్రలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోవడం మంచిది.

[దృశ్యం: కొట్టేసిన జామాయిల్ మోడు, చుట్టూ ఎర్రటి చిగుళ్లు.]

జామాయిల్, సుబాబుల్ మోడు నుంచి మళ్లీ చిగురిస్తాయి. ఒక్కో మోడుకు బలమైన పిలకలు ఒకటి రెండు ఉంచి మిగతావి కోసేస్తే, మొక్కల ఖర్చు లేకుండానే రెండో కోత చేతికొస్తుంది. ఆ పొలాన్ని మళ్లీ వేరే పంటకు మార్చదలచినప్పుడు మాత్రం మోడ్లు పెకలించడానికి పొక్లెయిన్ పిలవాలి. ఆ బాడుగను చివరి కోత డబ్బులోంచి ముందే పక్కన పెట్టుకోవాలి.