డబ్బు వద్దు, డబ్బా ఉండనీ

అధ్యక్షులకు, ఈ ప్రదర్శన ఏర్పాటు చేసిన మిత్రులకు, సినిమా అయిపోయినా కుర్చీలు వదలని మీ అందరికీ నమస్కారం. ఇంత బరువైన కథ చూసిన వెంటనే ఉపన్యాసం వినవలసి రావడం ఒక శిక్షే గనుక మర్యాదలు ఇంతటితో ఆపుతాను.

మనం చూసిన ‘ద రీడర్’ స్టీఫెన్ డాల్డ్రీ దర్శకత్వంలో 2008లో వచ్చింది. దీనికి మూలం 1995 నాటి జర్మన్ నవల. దాన్ని రాసిన బెర్న్‌హార్డ్ ష్లింక్ న్యాయశాస్త్ర ఆచార్యుడు, న్యాయమూర్తిగానూ పనిచేసినవాడు. ఒకప్పుడు నాజీ శిబిరంలో కాపలాదారుగా పనిచేసిన హన్నా పాత్రకు కేట్ విన్స్‌లెట్ ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకున్నది. ఆ నటనకు నేను వంక పెట్టను. నా తగాదా అల్లా అది మన చేత చేయిస్తున్న పని మీదనే. ఈ సినిమా చూసి బయటికి వచ్చేవారు ‘పాపం, హన్నా’ అంటూ వస్తారు. హన్నా, ఆమె తోటి కాపలాదారులు తాళం తీయకపోవడంతో చర్చిలో కాలిపోయిన 300 మంది యూదు ఖైదీ స్త్రీలను తలచుకొని ‘పాపం’ అన్నవారు నాకు బహు అరుదుగా తారసపడ్డారు. ఎంతో కాలంగా మనసులో నలుగుతున్న ఈ మాట చెప్పుకోవడానికే మీ ఆహ్వానాన్ని ఒప్పుకున్నాను.

ముందుగా ఆ రహస్య ప్రేమ సంగతి. 1958లో మైకేల్‌కు 15 ఏళ్లు, ట్రామ్ కండక్టరైన హన్నాకు 36. అతడు ఎప్పుడు రావాలో, ఏ పుస్తకం చదివి వినిపించాలో, చివరికి చెప్పాపెట్టకుండా ఎప్పుడు మాయం కావాలో అన్నీ ఆమే నిర్ణయించింది. దీన్ని ప్రేమ అనడానికి నాకు నోరు రాదు. ఆ కుర్రవాడు జీవితాంతం మోసిన గాయం అంటాను.

ఇక న్యాయస్థానం. ఏళ్ల తరువాత న్యాయశాస్త్ర విద్యార్థిగా విచారణ చూడబోయిన మైకేల్‌కు అక్కడ ముద్దాయిల్లో హన్నా కనిపిస్తుంది. సినిమాలోని విచారణ కల్పితమే అయినా దాని వెనుక ఉన్న చరిత్ర కల్పితం కాదు. ప్రాసిక్యూటర్ జనరల్ ఫ్రిట్జ్ బావర్ పట్టుదల వల్ల 1963 డిసెంబరు నుంచి 1965 ఆగస్టు దాకా ఫ్రాంక్‌ఫర్ట్‌లో నాజీల ఆష్విట్జ్ మారణ శిబిరం ఉద్యోగులపై విచారణ జరిగింది. ఆరుగురికి మాత్రమే యావజ్జీవ శిక్ష పడింది. పైవారి ఆజ్ఞను పాటించానన్నవాడు హంతకుడు కాక హత్యకు తోడ్పడినవాడిగా మాత్రమే మిగిలిపోయే వీలు నాటి జర్మన్ న్యాయవిచారణలో ఉండేది. ఈ సంగతి తెలిస్తే, చర్చిలో జరిగినదాని మీద కాపలాదారుల నివేదికను ఎవరు రాశారన్న ప్రశ్న మీద అంత పెనుగులాట ఎందుకో అర్థమవుతుంది: రాసినవారే నాయకురాలు, నాయకురాలే హంతకి.

ఆ దృశ్యాన్ని మళ్లీ గుర్తు చేసుకోండి. చేతిరాత పోల్చడానికి కాగితం, కలం హన్నా ముందుకు జరుపుతారు. ఆమె ఆ కాగితం వంక చూసి, తానే రాశానని ఒప్పుకుంటుంది. అక్షరాలు రావని తెలియడం కంటే యావజ్జీవ ఖైదే ఆమెకు తేలిక. తోటి ముద్దాయిలు నాలుగేళ్ల మూడు నెలలతో బయటపడతారు. పైన కూర్చున్న మైకేల్‌కు నిజం తెలుసు, చెప్పవలసిన బాధ్యత ఉందని గురువు హెచ్చరిస్తాడు కూడా; అతడు జైలు దాకా వెళ్లి, ఆమెను కలవకుండానే తిరిగి వస్తాడు.

ఇక్కడ ఛాయాగ్రహణం గురించి రెండు పేజీలు రాసుకొచ్చాను. వాటిని పక్కన పెడుతున్నాను, అధ్యక్షులు మన్నించాలి.

అయ్యా, అమ్మా, ఒక్క మాట అడుగుతాను. చదువు రాకపోవడానికి అంత సిగ్గుపడిన మనిషి, తాళం తీయనందుకు ఏ మాత్రం సిగ్గుపడింది? ఖైదీలను కాపలా కాయడం తమ బాధ్యత గనుక తలుపులు తీయలేదని ఆమె కోర్టులో వివరిస్తుంది, అదేదో ఉద్యోగ నిబంధన అయినట్టు. తరువాత మైకేల్ పంపిన క్యాసెట్లు వింటూ జైలు గ్రంథాలయం పుస్తకంలో ఒక్కొక్క మాటా గుర్తుపట్టి చదవడం నేర్చుకుంటుంది. మనకు అక్కడే కళ్లు చెమరుస్తాయి. అయితే విడుదలకు ముందు మైకేల్ వచ్చి గతం గురించి అడిగినప్పుడు, చనిపోయినవారు చనిపోయినవారేనని, తాను చదవడం నేర్చుకున్నానని మాత్రమే చెబుతుంది. విముక్తి అంటే ఇదేనా?

నా దృష్టిలో ఈ సినిమాకు గుండెకాయ న్యూయార్క్ గదిలో ఉంది. హన్నా ఆత్మహత్య చేసుకున్నాక, ఆమె కూడబెట్టిన డబ్బును ఒక తేయాకు డబ్బాతో సహా తీసుకొని మైకేల్ ఆ చర్చి నుంచి ప్రాణాలతో బయటపడిన ఇలానా దగ్గరికి వెళతాడు. నటి లీనా ఓలిన్ కోర్టు దృశ్యంలో ఇలానా తల్లిగా, ఇక్కడ పెద్దయిన ఇలానాగా నటించింది. ఆ ముఖమే తిరిగి ఎదురుపడటం ఊరికే జరిగింది కాదని నా నమ్మకం. ఇలానా అరవదు, ఏడవదు. డబ్బు తీసుకుంటే క్షమించినట్టవుతుంది గనుక తీసుకోదు. చిన్నతనంలో తనకూ అలాంటి డబ్బా ఒకటి ఉండేదని, శిబిరంలో ఎవరో దొంగిలించారని చెప్పి, డబ్బాను మాత్రం ఉంచుకొంటుంది. మైకేల్ వెళ్లాక దాన్ని తన కుటుంబం ఫొటో పక్కన పెడుతుంది. క్షమించే హక్కు మైకేల్‌కు లేదు, నాకు లేదు, కన్నీళ్లు పెట్టుకున్న మీకూ లేదు. ఆ హక్కులో కొంతైనా ఉన్న ఒకే ఒక్క మనిషి ఆ గదిలో కాదన్నది.

చర్చ మొదలుపెట్టే ముందు అధ్యక్షులకు ఒక విన్నపం. హన్నా గురించి మాట్లాడదలచినవారు ఎలాగూ ఎక్కువమందే ఉంటారు. ఇలానా గురించి మాట్లాడదలచినవారు ఒక్కరున్నా దయచేసి మైకు ముందుగా వారికి ఇవ్వండి.