పక్క ఊరి కుర్రాడి ‘ఎక్స్ 100ప్రే’ | కంది అన్నం | ప్యూర్టోరికో తెలుగు వ్లాగ్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? మా అత్తయ్యగారు ఫోన్ చేసినప్పుడల్లా "అక్కడ ఏం వండుకుంటున్నారో వీడియో పెట్టమ్మా" అంటున్నారు. అందుకే కందులు కొనడానికి వచ్చి కెమెరా ఆన్ చేశాను. ఇక్కడ, అంటే ఈ ప్యూర్టోరికో దీవిలో, పండగ అన్నం కందులతోనే చేస్తారు. గండూలెస్ అంటారు. ఇదిగో, ఈ చిన్న డబ్బా రెండు డాలర్లు, మన లెక్కలో 170 రూపాయలు దాటుతుంది. మా ఊళ్లో గట్టు మీద ఊరికే కోసుకు తినేవాళ్లం!

బిల్లు దగ్గర సంచులు సర్దే అబ్బాయి బ్యాడ్ బన్నీ పాట పాడుతున్నాడు. రెగ్గేటాన్ అనే డాన్స్ పాటలు, ట్రాప్ అనే ర్యాప్ పాటలు పాడే ఆయనేనండీ. మేముండేది మనాటీ, ఆయనది పక్కనే వేగా బాహా. చదువుకునే రోజుల్లో వాళ్ల ఊరి సూపర్‌మార్కెట్‌లో ఆయనా ఇలాగే సంచులు సర్దేవాడు. అందుకే ఇక్కడ అందరూ అసలు పేరుతో మా బెనిటో అంటారు. ఈమధ్య నేనూ అలాగే అంటున్నాను.

ఆయన మొదటి సోలో ఆల్బమ్ 2018 డిసెంబర్ 24న వచ్చింది. క్రిస్మస్ ముందు రాత్రే ఇక్కడ పెద్ద పండగ. పేరు చూడండి, ‘ఎక్స్ 100ప్రే’. మొదట్లో నాకు చదవడమే రాలేదు. మా బాబు స్కూల్లో స్పానిష్ నేర్చుకున్నాడు కదా, వాడే చెప్పాడు. ఆ ఎక్స్‌ని హెచ్చవేత గుర్తు అనుకోవాలి, దాన్ని స్పానిష్‌లో ‘పోర్’ అంటారు. వందని ‘సియెన్’ అంటారు. కలిపితే ‘పోర్ సియెంప్రే’, అంటే ఎప్పటికీ అని. మనం ‘100నం’ అని రాసి వందనం అని చదివినట్టు! ఎంత నచ్చిందో నాకు.

అందులో ‘లా రోమానా’ అనే పాట నెమ్మదిగా నడుస్తూ సగంలో ఒక్కసారి దరువు మార్చేస్తుంది. మా వాడు సరిగ్గా అక్కడే సోఫా మీంచి దూకుతాడు.

నాకిష్టమైనది మాత్రం ‘ఎస్తామోస్ బియెన్’. బాగానే ఉన్నాం అని అర్థం. 2017 సెప్టెంబర్‌లో మరియా తుఫాను వచ్చాక ఈ దీవిలో చాలాచోట్ల నెలల తరబడి కరెంటు లేదు. ఆ మరుసటేడు వచ్చిందీ పాట. మా పక్కింటావిడ ఇప్పటికీ ఇది వింటే కళ్లు తుడుచుకుంటారు.

మొన్న రాత్రి కరెంటు పోయింది. మా ఆయన మందుల ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్‌లో ఉన్నారు. చీకట్లో నేనూ బాబూ. అప్పుడే అమ్మ ఫోన్. బాగానే ఉన్నామమ్మా అన్నాను.

సరే, ఇంటికొచ్చేశాం, అన్నం కుక్కర్‌లో పెట్టేశాను. రెండో విజిల్ అండీ, ఇప్పుడు స్టవ్ కట్టేయకపోతే ముద్దయిపోతుంది.